ఆయిస్టర్ గుడ్లలోని పరాన్నజీవి, తిన్నవారికి సోకుతుందా?

ఆయిస్టర్ (తినే ఒక రకం సముద్రపు గుల్ల జీవి) గుడ్లలో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి మనుషులకు సోకుతుందనే దాఖలాలు లేవు. కొరియా, జపాన్ తీరాల్లో పసిఫిక్ ఆయిస్టర్లను పట్టే పరాన్నజీవి మార్టీలియోయిడిస్ చుంగ్‌ముయెన్సిస్‌నే చూడండి. అది ఆడ ఆయిస్టర్ అండకణంలోకి చొరబడి, అక్కడే తన సంతతిని పెంచుకుంటుంది. సోకిన గుడ్లు సకాలంలో విడుదల కాక లోపలే పేరుకుపోతాయి. శరీరం మీద గడ్డలు తేలుతాయి. చూడటానికి వికారమే, కాబట్టి అమ్ముడుపోవు. దెబ్బ తగిలేది పెంపకందారుకు.

ఆ గడ్డలను చాలామంది కుళ్లుగానో కాలుష్యంగానో పొరబడతారు. అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు, గడ్డల్లేని ఆయిస్టర్‌ను పచ్చిగా తిన్నా క్షేమమే అనుకోవడం. పచ్చి ఆయిస్టర్లతో మనుషులకు జబ్బు తెచ్చేవి విబ్రియో బ్యాక్టీరియా, నోరోవైరస్ వంటివి. అవి పైకి ఏ గుర్తూ చూపవు.