ఓడి ఏడిస్తే తప్పు లేదు, గెలిచి ఎటు తిరిగి అరిచారన్నదే చూడాలి

"మావాడు ఓడితే ఏడుస్తాడు, గెలిస్తే అవతలి ఆటగాడి మొహం మీదే అరుస్తాడు. రెండూ మాన్పించడం ఎలా?" అని అడిగారు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. మొదటిది మాన్పించనక్కర్లేదు. రెండోది మాన్పించి తీరాలి.

2009 ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్లో నాదల్ చేతిలో ఓడాక ఫెదరర్ మైకు ముందు మాట పెగలక ఏడ్చాడు. అప్పటికే 13 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచినవాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ జూడో పోటీల ఫొటోలను పరిశోధకులు పరిశీలిస్తే, పుట్టుకతో చూపు లేనివాళ్లు కూడా గెలిచినప్పుడు చేతులెత్తి ఛాతీ విరిచారు, ఓడినప్పుడు భుజాలు వాల్చారు. ఎవరినో చూసి నేర్చుకునే అవకాశమే వాళ్లకు లేదు. కాబట్టి "ఆపుకో" అని గదమాయిస్తే ఒళ్లు వినదు. నేర్పాల్సింది ఆట ముగిశాక ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస.

ఓడినప్పుడు ముందు ప్రత్యర్థితో, అంపైర్‌తో చేతులు కలపాలి. ఆ తర్వాత తల మీద తువ్వాలు కప్పుకుని ఎంతసేపు ఏడ్చినా ఫర్వాలేదు. గట్టిగా పరుగెత్తాల్సిన ఆటైతే మాత్రం వెంటనే కూలబడనివ్వకండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. ఏడుస్తూనే అయినా సరే, ఐదు నిమిషాలు నడిపించండి. ఆయాసం మీద వెక్కిళ్లు తోడైతే శ్వాస మరీ వేగమై ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదాల చుట్టూ చురుక్కుమంటుంది, దాంతో పిల్లాడు ఇంకా బెదిరిపోతాడు. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నోటితో మెల్లగా వదలమనండి. ఎనిమిది పదిసార్లు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆ సమయంలో మీరు నీళ్లందించి పక్కన నిలబడితే చాలు. తప్పుల లెక్క మర్నాటికి వాయిదా వేయండి. నేను చూసినంతవరకు వ్యవహారం చెడేది మైదానంలో కాదు, ఇంటికెళ్లే దారిలో కారులో పోస్టుమార్టం మొదలుపెట్టడం వల్ల.

ఇక గెలుపు సంగతి. అరుపు ఎంత పెద్దదని కాదు, ఎటు తిరిగి అరిచామన్నదే ముఖ్యం. తన జట్టు వైపు తిరిగి పిడికిలి బిగిస్తే సంబరం, అదే పిడికిలి ప్రత్యర్థి వైపు తిరిగితే కవ్వింపు. క్రికెట్‌లో ఔటైన బ్యాటర్‌ను కవ్వించి సాగనంపితే ఐసీసీ నియమావళి ప్రకారం లెవెల్-1 నేరం: మ్యాచ్ ఫీజులో 50 శాతం దాకా కోత, ఒకటో రెండో డీమెరిట్ పాయింట్లు (తప్పుకు ఖాతాలో పడే చెడ్డ మార్కులు). 24 నెలల్లో అవి నాలుగైతే నిషేధమే. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టి చొక్కా విప్పితే పసుపు కార్డు తప్పదు, ఆ గోల్‌ను తర్వాత రద్దు చేసినా సరే. అప్పటికే ఒక కార్డు ఉన్నవాడు చొక్కా విప్పాడా, నేరుగా బయటికే!

అన్నిటికన్నా ఖరీదైనది తొందరపాటు సంబరం. 2006 టొరినో ఒలింపిక్స్ స్నోబోర్డ్ క్రాస్‌లో (బోర్డు మీద నిలబడి మంచు వాలులో జారే పందెం) అమెరికా క్రీడాకారిణి లిండ్సే జాకబెలిస్ బాగా ముందుంది. చివరికొచ్చాక గాల్లో బోర్డు పట్టుకుని విన్యాసం చేయబోయి పడింది. రజతంతో సరిపెట్టుకుంది. స్వర్ణం కోసం 2022 దాకా ఆగాల్సొచ్చింది. 2020 లీజ్-బాస్టోన్-లీజ్ సైకిల్ రేసులో అలఫిలిప్ గెలిచేశాననుకుని ముగింపు గీతకు ముందే చేతులు పైకెత్తాడు. పక్క నుంచి దూసుకొచ్చిన రోగ్లిచ్ ముందు చక్రం ఆ సందులోనే గీత దాటింది.

దీనికి మందు సాధనలోనే ఉంది. పరుగైనా సైకిలైనా అసలు గీతకు ఐదు మీటర్ల అవతల ఇంకో గుర్తు పెట్టి, అక్కడి దాకా వేగం తగ్గించొద్దనండి. రాకెట్ ఆటలైతే ప్రాక్టీసు గేమ్‌లో కూడా చివరి పాయింట్ తర్వాత అదే వరస పాటించాలి: అంపైర్ వైపు చూపు, నెట్ దగ్గర చేతులు కలపడం, ఆ తర్వాతే కేక. అలిసిపోయిన రోజున కూడా దీన్ని వదలొద్దు, ఎందుకంటే పోటీలో ఆఖరి పాయింట్ వచ్చేది అలిసిపోయాకే. కొన్నిసార్లు గెలుపు ఒక్కసారిగా కుప్పకూల్చేస్తుంది, దాన్ని తప్పుపట్టకండి. 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ గెలిచి స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ కోర్టు మీద పడి ఏడ్చింది. ఓడిన సింధు నెట్ దాటి వెళ్లి కౌగిలించుకుంది, కింద పడున్న మారిన్ రాకెట్‌ను తీసి పక్కన పెట్టింది.

ఏడుపు రోజుల తరబడి సాగినా, తిండీ నిద్రా తగ్గినా, సాధనకు రానని మొండికేసినా, తనను తాను కొట్టుకుంటున్నా స్పోర్ట్స్ సైకాలజిస్ట్‌కు చూపించండి. మొహంలో ఏదీ కనపడనివ్వని పిల్లలూ ఉంటారు. వాళ్లకు బాధ లేదనుకోవద్దు. మర్నాడు ఊరికే పక్కన కూర్చుని "నిన్న ఆట ఎక్కడ చేజారింది?" అని అడగండి, వాళ్లే చెబుతారు.