మొదటి విమానం ఎలాగూ విరుగుతుంది
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: రేడియో కంట్రోల్ విమానం ఎగరేయాలని ఉంది, ముందు ఏం కొనాలి? అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. నేను ఇంజనీర్ని కాదు. చాలా విమానాలు విరగ్గొట్టి, వాటిని అతికించి, మళ్లీ విరగ్గొట్టినవాణ్ణి. జవాబులు ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. చిన్నప్పటి నుంచి విమానాల పిచ్చి. ఇప్పుడు తీరిక, చేతిలో కాస్త డబ్బు రెండూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ నమూనా ఒకటి తెగ నచ్చింది. పెట్టెలోనే అన్నీ వస్తాయట. కొనేయమంటారా?

వద్దండీ. అది ఎందుకు నచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే నచ్చింది. నా మొదటి విమానం స్పిట్‌ఫైర్ నమూనా. రెండు రాత్రులు కూర్చుని అతికించాను, స్టిక్కర్లు ఒక్కటి కూడా వంకర పోకుండా వేశాను. మా అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తి విసిరింది. లేచింది. ఎడమకి ఒరిగింది. కంగారులో చేతిలోని రేడియో (రిమోట్) మీది స్టిక్ కుడికి బాగా లాగేశాను, అది కుడికి బోర్లాపడి ముక్కుతో నేలలో గుచ్చుకుంది. మొత్తం ఎంతసేపు ఎగిరిందో తర్వాత వీడియోలో లెక్కపెట్టాం. ఏడు సెకన్లు. "నాన్నా, ఇంకోసారి చూద్దామా?" అంది అమ్మాయి. విమానం గురించి కాదు, వీడియో గురించి.

తప్పు నా చేతిదే, కానీ ఆ ఆకారం కూడా నన్ను కాపాడేది కాదు. ఫైటర్ విమానం ఒరిగితే ఒరిగినట్టే ఉంటుంది, మీరు నిలబెడితేనే నిలబడుతుంది. వేగం తగ్గిందంటే ఒక రెక్క చటుక్కున వాలిపోతుంది. నేర్చుకునేవాళ్లకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: రెక్క బాడీకి పైన ఉండాలి, ఎదురుగా చూస్తే రెండు రెక్కల చివర్లు కొద్దిగా పైకి లేచి లోతు తక్కువ 'వి'లా కనిపించాలి. దీన్నే డైహెడ్రల్ అంటారు. ఇలాంటి విమానం ఒక పక్కకి ఒరిగితే, ఆ పక్కకే కాస్త జారుతుంది. జారేటప్పుడు కిందికి వాలిన రెక్కకి గాలి ఎక్కువ కోణంలో తగిలి, ఎక్కువ లిఫ్ట్ (పైకెత్తే బలం) వచ్చి, దానంతటదే పైకి లేస్తుంది. అంటే మీకు ఏం చేయాలో తోచనప్పుడు స్టిక్ వదిలేస్తే చాలు, తగినంత ఎత్తులో ఉంటే అదే సర్దుకుంటుంది. మొదటి నెలంతా మీకు ఏం చేయాలో తోచదు, నా మాట నమ్మండి.

ఇక ఒళ్లు ఫోమ్‌తో ఉండాలి. బాల్సా చెక్క విమానం చూడముచ్చటగా ఉంటుంది గానీ పడితే ఏరుకోవడానికి చీపురు కావాలి. ఈపీవో, ఈపీపీ ఫోమ్ విరిగినా ఫోమ్ గ్లూతో అరగంటలో అతుక్కుంటుంది. మోటారు, ప్రొపెల్లర్ ముక్కు మీద కాకుండా రెక్క వెనక ఉన్నవి ఇంకా మేలు, ముక్కుతో పడ్డా ప్రొపెల్లర్ బతుకుతుంది. మల్టీప్లెక్స్ అనే కంపెనీ వాళ్ల ఈజీస్టార్ ఈ పద్ధతిలో బాగా పేరు పడింది. దాని పోలికతో బిక్స్‌లర్ లాంటివీ వచ్చాయి. రెక్క పొడవు ఒక మీటరు నుంచి మీటరున్నర లోపు ఉండేలా చూసుకోండి. మరీ చిన్నదైతే గాలికి కాగితంలా ఊగుతుంది, వంద మీటర్లు పోయాక ఎటు తిరిగి ఉందో కూడా కనపడదు.

బరువు చూసేటప్పుడు రెక్క వైశాల్యంతో కలిపి చూడాలి. ఉదాహరణకి రెక్క 120 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు అనుకోండి. 2400 చదరపు సెంటీమీటర్లు, అంటే 24 చదరపు డెసిమీటర్లు. విమానం 800 గ్రాములుంటే చదరపు డెసిమీటరుకి 33 గ్రాములు. ఆ సైజులో ఈ అంకె అక్కడక్కడే ఉంటే విమానం నిదానంగా ఎగురుతుంది. 50, 60 దగ్గరుంటే వేగంగా పోతేనే గాల్లో నిలుస్తుంది, మీ ఆలోచన దాని వెనక పరుగెడుతుంది.

పెట్టె మీద అక్షరాలు కూడా చూడండి. ఆర్‌టీఎఫ్ అంటే రేడియోతో సహా అన్నీ ఉంటాయి. బీఎన్‌ఎఫ్ అంటే విమానంలో రేడియో సంకేతాలు అందుకునే రిసీవర్ ఉంటుంది, చేతిలో పట్టుకునే రేడియో ఉండదు. పీఎన్‌పీ అంటే మోటారు, సర్వోలు (రెక్కల, తోక పలకలు కదిపే చిన్న మోటార్లు) బిగించి ఉంటాయి, రేడియో, రిసీవర్, బ్యాటరీ మనవే. ఆర్‌టీఎఫ్ పెట్టెలో ఇచ్చే రేడియో తరచూ ఆ ఒక్క విమానానికే సరిపోయే బాపతు. విమానం ఎలాగూ విరుగుతుంది, దానితోపాటు రేడియో కూడా అటకెక్కుతుంది. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: మంచి రేడియో, మంచి చార్జర్ విడిగా కొనండి. ఆ రెండూ పది విమానాల దాకా మీతో వస్తాయి. మిగిలిన డబ్బులో వచ్చే విమానం ఏదైనా ఫర్వాలేదు, అది పై లెక్కలకి సరిపోతే చాలు.

ప్రశ్న: రేడియోకి ఎన్ని చానెళ్లు ఉండాలి? మోడ్ 1, మోడ్ 2 అంటే ఏమిటి? మా పెదనాన్నగారు తన పాత 72 మెగాహెర్ట్జ్ సెట్టు ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా?

పెదనాన్నగారి సెట్టు అల్మారాలో అందంగా ఉంటుంది, అక్కడే ఉంచండి. ఆ కాలంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం కూలేది. అందుకే మైదానంలో ఫ్రీక్వెన్సీకో క్లిప్పు పెట్టి, క్లిప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లే స్విచ్ వేసేవారు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ఆ బెడద లేదు. మీ రిసీవర్ని మీ రేడియోతో ఒకసారి జత కలిపితే, దాన్ని బైండింగ్ అంటారు, ఇక అది మీ మాటే వింటుంది.

ఒక్కో చానెల్ ఒక్కో పని చేస్తుంది. నాలుగు చానెళ్లతో పని జరుగుతుంది: థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (ముక్కు పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్ (ముక్కు పక్కలకి తిప్పే తోక పలక), ఎయిలరాన్ (విమానాన్ని ఒరిగించే రెక్క వెనకంచు పలక). అయినా ఆరు తీసుకోండి. రేపు ఫ్లాప్‌లకో (నిదానంగా దిగడానికి వాడే రెక్క పలకలు), జైరో (విమానాన్ని దానంతటదే నిలబెట్టే పరికరం) స్విచ్‌కో ఆ రెండు పనికొస్తాయి. పది అక్కర్లేదు. చానెళ్ల కంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి: ఒక్కో విమానం సెట్టింగులు విడిగా గుర్తుపెట్టుకోవాలి, డ్యూయల్ రేట్, ఎక్స్‌పో ఉండాలి. డ్యూయల్ రేట్ 60 శాతం పెడితే స్టిక్ పూర్తిగా లాగినా విమానం సగం పైచిలుకే స్పందిస్తుంది. ఎక్స్‌పో 30 పెడితే స్టిక్ మధ్యలో మెత్తబడుతుంది. కొత్త చేతి వణుకుని ఈ రెండూ చాలావరకు మింగేస్తాయి. నా స్పిట్‌ఫైర్‌కి ఆ రెండూ లేవు.

మోడ్ 2లో థ్రాటిల్, రడ్డర్ ఎడమ స్టిక్ మీద, ఎలివేటర్, ఎయిలరాన్ కుడి స్టిక్ మీద ఉంటాయి. మోడ్ 1లో థ్రాటిల్ కుడికి వస్తుంది, ఎలివేటర్ ఎడమకి పోతుంది. ఏది గొప్ప అని వాదించుకునేవాళ్లు వాదించుకోనివ్వండి. మీకు నేర్పేవాళ్లు ఏది వాడితే అదే తీసుకోండి. వేళ్లు ఒకసారి అలవాటు పడ్డాక మార్చడం మహా కష్టం. కంపెనీ విషయంలోనూ అంతే. స్పెక్ట్రమ్ వాళ్ల డీఎస్‌ఎమ్‌ఎక్స్ రిసీవర్, ఫ్లైస్కై వాళ్ల మామూలు రేడియోతో మాట్లాడదు, ఎవరి భాష వాళ్లది. అన్ని భాషలూ వచ్చిన మల్టీ ప్రోటోకాల్ రేడియోలూ ఉన్నాయి, సెట్టింగుల్లో తల దూర్చే ఓపిక ఉంటే అవి మంచివి.

ప్రశ్న: అంకుల్, నాకు పదమూడేళ్లు. బ్యాటరీ మీద 3ఎస్, 2200, 25సీ అని ఉంది. అంటే ఏంటి? ఎంతసేపు ఎగురుతుంది? ఇంట్లో చార్జింగ్ పెట్టొద్దని అమ్మ తిడుతోంది.

అమ్మ చెప్పింది సగం నిజం నాన్నా, ముందు లెక్క చెప్తాను. 3ఎస్ అంటే మూడు సెల్స్ వరసగా. ఒక్కోటి 3.7 వోల్టులు, మొత్తం 11.1. నిండా ఎక్కితే ఒక్కోటి 4.2, మొత్తం 12.6. 2200 అంటే మిల్లీ యాంపియర్ అవర్లు, మన లెక్కకి 2.2 యాంపియర్ అవర్లు. దాన్ని 25తో గుణిస్తే 55 యాంపియర్లు, అంత కరెంటు ఒకేసారి ఇవ్వగలనని బ్యాటరీ చెప్పుకుంటోంది. చెప్పుకున్నదంతా నమ్మకు.

ఎగిరే టైమ్ నువ్వే లెక్కేసుకోవచ్చు. విమానం సగటున 12 యాంపియర్లు తాగుతుంది అనుకో. బ్యాటరీలో 80 శాతమే వాడాలి, అంటే 1.76. దాన్ని 12తో భాగించి 60తో గుణించు: 8.8 నిమిషాలు. అయినా మొదటిసారి టైమర్ అయిదు నిమిషాలకే పెట్టు. దిగాక చార్జర్ ఎన్ని మిల్లీ యాంపియర్ అవర్లు తిరిగి ఎక్కించిందో చూస్తే అసలు లెక్క తెలిసిపోతుంది.

ఇప్పుడు అమ్మ సంగతి. నీ దగ్గరున్న ఈ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కోపమొస్తే మంటలు కక్కుతుంది, అబద్ధం కాదు. అందుకే పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉండగా, మంటని తట్టుకునే లైపో సంచిలో పెట్టి, గచ్చు నేల మీద, బట్టలకీ పరుపులకీ దూరంగా చార్జ్ చెయ్యాలి. నిద్రపోతూ చార్జింగ్ ఎప్పుడూ పెట్టకూడదు. బ్యాలెన్స్ చార్జరే వాడు, ఆ చిన్న తెల్ల కనెక్టర్ కూడా గుచ్చాలి, మూడు సెల్స్‌నీ సమానంగా నింపేది అదే. కరెంటు 2.2 యాంపియర్లు దాటనివ్వకు. వారం దాకా ఎగరేయవు అనుకుంటే సెల్ 3.8 దగ్గర ఆపే స్టోరేజ్ మోడ్ ఉంటుంది, అది నొక్కు. నేను ఒకసారి నిండా ఎక్కించిన బ్యాటరీని నెలల తరబడి డ్రాయర్లో మర్చిపోయాను. తీసి చూస్తే పొట్ట ఉబ్బి, నొక్కితే దిండులా మెత్తగా ఉంది. అలా ఉబ్బినదాన్ని మళ్లీ చార్జర్‌కి తగిలించకూడదు.

ఇంకో మాట, నువ్వు అడగకపోయినా. టేబుల్ మీద ఏ సెట్టింగ్ మార్చినా ముందు ప్రొపెల్లర్ ఊడదీసెయ్. నా చొక్కా చెయ్యి థ్రాటిల్‌కి తగిలి మోటారు తిరిగిన రోజు గుర్తుగా చూపుడువేలి మీద మూడు కుట్లున్నాయి. స్విచ్ వేసేటప్పుడు రేడియో ముందు, విమానం తర్వాత. ఆపేటప్పుడు విమానం ముందు.

ప్రశ్న: మోటారు మీద 2212, 1000 కేవీ అని రాసుంది. 1000 కిలోవోల్టులా?!

కాదు, భయపడకండి. లోడు లేనప్పుడు వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుందని. 11.1 వోల్టులకి సుమారు 11 వేలు. 2212లో చాలా కంపెనీల లెక్కన 22 అంటే లోపలి స్టేటర్ (తీగ చుట్టిన, తిరగని భాగం) వ్యాసం, 12 దాని ఎత్తు, మిల్లీమీటర్లలో. దీనికి 30 యాంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), తొమ్మిది గ్రాముల సర్వోలు సాధారణంగా జతచేస్తారు. ప్రొపెల్లర్ మాత్రం ఆ మోటారు కంపెనీ చెప్పిన సైజే వేయండి. పెద్దది వేస్తే లాగుడు పెరుగుతుంది, దాంతో కరెంటు కూడా పెరిగి మోటారు కాలిపోతుంది.

ప్రశ్న: సిమ్యులేటర్ అవసరమా? అది వీడియో గేమే కదా?

అవసరం. మీ రేడియోనే యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించి ఆడండి, గేమ్ కంట్రోలర్‌తో వద్దు. పికాసిమ్ ఉచితం, రియల్‌ఫ్లైట్‌కి డబ్బు పెట్టాలి. అందులో విన్యాసాలు మానేసి ఒకే ఒక్కటి సాధన చేయండి: విమానం మీ వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. దానికి చిట్కా, ఏ రెక్క కిందికి వాలి కనిపిస్తుందో స్టిక్‌ని ఆ రెక్క వైపే నెట్టండి, పడిపోతున్న పందిరికి గుంజ పెట్టినట్టు. ఇది ఆలోచించకుండా వచ్చేదాకా మైదానానికి పోకండి.

ప్రశ్న: జైరో ఉన్న విమానంతో నేర్చుకుంటే అది నేర్చుకున్నట్టు కాదని మావారు అంటున్నారు. నిజమేనా?

ఆయన జైరో లేకుండా ఎన్ని విరగ్గొట్టారో అడగండమ్మా. హాయిగా వాడండి, చెయ్యి కుదిరాక స్విచ్‌తో కాసేపు ఆపి చూడండి. ఒక్కటి మాత్రం ప్రతిసారీ సరిచూడాలి: విమానాన్ని చేత్తో కుడికి ఒరిగిస్తే కుడి ఎయిలరాన్ కిందికి దిగాలి. పైకి లేచిందంటే జైరో తలకిందులుగా పనిచేస్తోంది, కాపాడాల్సిందే పడేస్తుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే పై రెక్క ఫోమ్ విమానం కొన్నాను. చేత్తో వదలగానే ముక్కు పైకెత్తి, ఆగి, వెనక్కి జారి పడింది. మూడుసార్లూ అంతే. మోటారు చాలడం లేదా?

మోటారు కాదు, తోక బరువు. పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువసేపు ఎగురుతుందని వేసి, అది పట్టక వెనక్కి తోసి ఉంటారు. అవునా?

రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా కొలవండి. 20 సెంటీమీటర్లుంటే, ముందంచు నుంచి 5 – 6.6 సెంటీమీటర్ల మధ్య, అంటే 25 నుంచి 33 శాతం దగ్గర, బరువు కుదరాలి. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. రెక్క కింద రెండు వైపులా పెన్నుతో గీత పెట్టి, బ్యాటరీతో సహా అన్నీ బిగించి, రెండు చూపుడువేళ్ల మీద ఆ గీతల దగ్గర ఎత్తండి. ముక్కు ఒక పిసరు కిందికి వాలాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకి జరపండి. అప్పటికీ కుదరకపోతే చిన్న బ్యాటరీ వేయండి. తేలిగ్గా ఉండి నాలుగు నిమిషాలు ఎగిరినా చాలు. కుదిరిన చోట బ్యాటరీ కింద కూడా ఒక గీత పెట్టుకోండి, లేకపోతే ప్రతివారం ఇదే తంతు. వదిలేటప్పుడు ఎదురుగాలికి, నేలకి సమాంతరంగా విసరండి, ఆకాశంలోకి కాదు.

ప్రశ్న: విడి ప్రొపెల్లర్లు ఎన్ని తెచ్చుకోవాలి?

ఆరు. తమది విరిగినప్పుడు మీ దగ్గర అప్పడిగే మైదాన స్నేహితులుంటే ఎనిమిది.