తలుపు గొళ్ళెం సంగతి ముందు చూడు

చిరంజీవి అమ్మడికి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఆడపిల్లలకు చదువూ కుట్టూ నేర్పే కేంద్రం ఒకటి నువ్వు పెట్టబోతున్నావనీ, అద్దెకు గది కూడా చూశావనీ చెప్పాడు. సంబంధాలు చూస్తున్న వేళ ఇదేమిటక్కా అన్నాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో గుంటూరులో ఆడవాళ్ళ చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. మా నాయనమ్మ అక్కడ చదువుకున్నందువల్లే మన ఇంట ఆడపిల్లలెవరూ బడి మానలేదు. అది గుర్తుచేస్తే కాసేపు ఊరుకున్నాడు. వాడి సంగతి నేను చూసుకుంటాను, నీకు ఆ దిగులు వద్దు.

కానీ నాకు నిద్ర పట్టలేదు. ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. పదకొండేళ్ళు ఇదే పని చేసిన మేనత్త గంట ప్రయాణం దూరంలో ఉండగా, గది చూసేముందు ఒక్కమాట అడగాలనిపించలేదా నీకు? సరే, అడగకపోయినా చెబుతాను.

కాగితాల పని తేలికే. 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదుకు ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో కనీసం ముగ్గురు ఆ వీధి తల్లులే ఉండాలి, నీ స్నేహితురాళ్ళతో నింపకు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టు. అద్దె ఒప్పందం నోటిమాటగా వదలకు.

గది కింది అంతస్తులో ఉందట. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఆ వీధులను ఎలా ముంచిందో నువ్వే చూశావు. పులిహోర పొట్లాలు పంచడానికి వెళ్ళి, నడుం లోతు నీళ్ళలో తిరిగి, వారం జ్వరంతో పడుకున్నావు. మేడ మీద గది దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకో. దొరకకపోతే కుట్టు మిషన్లూ, పిల్లల సర్టిఫికెట్లూ పై అటక మీద పెట్టే ఏర్పాటు మొదటి రోజునే చెయ్యి.

ఇక మరుగుదొడ్డి. తలుపుకు లోపలి గొళ్ళెం గట్టిగా ఉండాలి. బల్బు లోపల వెలగాలి, బయట మెట్ల మీదా వెలగాలి. నీళ్ళు, మూత ఉన్న చెత్తబుట్ట, అలమారలో ప్యాడ్లు ఉండాలి. ప్యాడ్లు పిల్లలు అడిగి తీసుకునేలా పెట్టకు, వాళ్ళే తీసుకునేలా ఉంచు. గొళ్ళెం ఊడిన తలుపును కాలితో అడ్డుపెట్టి కూర్చున్న పిల్లలను నేను చూశాను. నెలలో ఆ నాలుగు రోజులూ రాకపోతే మొదట చదువు మీద శ్రద్ధ లేదనుకున్నాను. వాళ్ళు నోరు విప్పి చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

గుంటూరు మిర్చి యార్డుకు కాస్త దూరంలో నేను పిల్లలకు చదువు చెప్పే గది ఉండేది. ఐదారేళ్ళ వయసులో నువ్వూ సెలవులకు వచ్చి పలకలు లెక్కపెట్టేదానివి, లెక్క తప్పితే ఏడ్చేదానివి. నేను చెప్పేది అంతకు ముందు, 1998 మార్చి. పుస్తకంలో ఇరవై ముగ్గురు పిల్లల పేర్లుండేవి. ఫిబ్రవరి దాటగానే వచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఆ సాయంత్రం ఏడుగురే వచ్చారు. మిగిలినవాళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తున్నారు. కిలోల లెక్కన కూలి.

నాకు కోపం వచ్చింది. అందరిలోకీ చురుకైన పిల్ల ఒకతె ఉండేది, ఎనిమిదో తరగతి. దానితో పదో తరగతి రాయించాలని నేనే కలలు కంటున్నాను. తిన్నగా వాళ్ళ వీధికి వెళ్ళాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా బిందెలతో నిలబడి ఉన్నారు, ఆ తల్లీ వాళ్ళలో ఉంది. అందరి ముందూ, "చదువుకునే పిల్లను కూలికి పంపి, ఆ డబ్బుతో అన్నం తింటే ఒంటపడుతుందా?" అన్నాను. ఆమె తల వంచుకుంది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా తీయలేదు. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను చూశాను, చూసి కూడా ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం, పెన్సిలు, నేనిచ్చిన రబ్బరు ముక్కతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. "మా అమ్మను అన్నారు కదా టీచర్, ఇంక నేను రాను" అంది. ఏడవలేదు. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నేను నీ మంచికే కదా అంటూ ఏవేవో చెప్పాను. వినలేదు. దానితోపాటు ఇంకో నలుగురు మానేశారు.

ఎండాకాలం గడిచాక వేరే ఇల్లాలు చెప్పింది. అప్పుడు ఆ ఇంట్లో పెద్దకూతురు పురిటికి వచ్చి ఉందట. పురిటి మనిషిని వదిలి తల్లి కదలలేదు. పది రోజులు రాకపోతే మేస్త్రీ ఆమె చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటాడు. అందుకని అమ్మ చోటు పోకుండా ఆ చిన్నది తనంతట తానే వెళ్ళి కూర్చుంది. తల్లి వద్దనే అందట. ఇంతా తెలుసుకోవడానికి నాకు పట్టాల్సింది పది నిమిషాలు, ఆమె పక్కన అరుగు మీద కూర్చుని అడిగి ఉంటే.

వెళ్ళి క్షమించమన్నాను. పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది, పర్వాలేదండీ అంది. అంత మర్యాదగా మాట్లాడేసరికి నాకు ఇంకా సిగ్గేసింది. పిల్ల లోపలి నుంచి బయటికి రాలేదు. అది ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు అమ్మడూ. యార్డు వైపు వెళ్ళినప్పుడల్లా నడివయసు ఆడవాళ్ళ ముఖాలు వెతుకుతాను.

మరుసటేడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తరగతి పొద్దున ఆరింటికి మార్చాను, పనికి వెళ్ళేలోపు గంటన్నర. ఘాటుకు చేతులు మండే పిల్లలు పెన్సిలు పట్టలేరని అప్పటికి అర్థమైంది. ఆ నెలల్లో రాత పెట్టలేదు. నోటిలెక్కలు చేయించాను, వార్తాపత్రిక పైకి చదివించాను. ఇరవై ఒక్కమంది వచ్చారు.

నీ వీధిలో మిరపకాయలు ఉండవు, కానీ అలాంటి రోజులు ఏవో ఉంటాయి. పెళ్ళిళ్ళప్పుడు కేటరింగ్ వాళ్ళతో వడ్డనకు వెళ్ళేవాళ్ళు, తల్లికి ఒంట్లో బాగోకపోతే బదులుగా అంట్లు తోమడానికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. గోడకు రంగులు వేయించేముందు నెల రోజులు ఆ అరుగుల మీద కూర్చో. ఏ పిల్ల ఎప్పుడు ఖాళీగా ఉంటుందో తల్లులు చెబుతారు, దాన్నిబట్టి వేళ పెట్టు. బడి మానేసినవాళ్ళను వదలకు. 14 ఏళ్ళు నిండితే సార్వత్రిక విద్యాపీఠం, అదే ఓపెన్ స్కూల్, ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు.

ఇంకొకటి. నమ్మకం కుదిరాక ఏదో ఒక రోజు ఒక పిల్ల నీకు చెప్పకూడని మాట చెబుతుంది, మామయ్య గురించో, పక్కింటివాడి గురించో. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకు. వీధి పెద్దలు సర్దుబాటు చేస్తామంటే ఒప్పుకోకు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన సంగతి పోలీసులకు చెప్పకపోవడమే నేరం. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, ఈ రెండు ఫోను నంబర్లూ గోడ మీద పెద్దగా రాయించు. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి ముహూర్తం పెట్టారని తెలిసినా అవే నంబర్లు. దాతలకు చూపించడానికి పిల్లల ముఖాలు ఫోటోలు తీయకు. కుట్టిన బట్టలు తీయి, చాలు.

చీకటి పడేలోపు తరగతి ముగించు. ఆలస్యమైతే నువ్వే చివరి పిల్లను ఇంటి గుమ్మం దాకా దింపు, ఆ తర్వాత నువ్వు ఇల్లు చేరి నాకు ఫోను చెయ్యి. రాత్రి పదైనా మెలకువగానే ఉంటాను.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. గది తాళంచెవి దగ్గర పెట్టుకో. నాలుగు అంగుళాల ఇత్తడి గొళ్ళెం ఒకటి, మేకులూ సంచిలో వేసుకున్నాను. వడ్రంగి దొరక్కపోతే మనమే బిగిద్దాం.

నీ మేనత్త