25 శాతం తేడా: ముందు సీటీ చూడండి

గాజువాకలో మీ 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీటరు చూపిన యూనిట్లలో 25 శాతం, దాని కింది సర్వీసుల (కనెక్షన్ల) మీటర్లలో తేలడం లేదన్నారు కదండీ. దొంగతనం అనుకునేముందు సీటీ (పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతగా తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) నేమ్‌ప్లేట్ చదవండి. ఉన్నది 150/5 అయితే గుణకం, అంటే మీటరు రీడింగును హెచ్చించాల్సిన సంఖ్య, 30. రికార్డులో 200/5 అని రాసి 40తో గుణిస్తుంటే, ఆ 25 శాతం దాదాపు మొత్తం లెక్క తప్పే! ఊరికే జనాన్ని అనుమానించినట్టవుతుంది.

గుణకం సరిపోతే అన్ని సర్వీసుల రీడింగూ ఒకే రోజు తీయించండి. ఆ తర్వాతే టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ దవడ బిగించి కరెంటు కొలిచే పరికరం). సింగిల్ ఫేజ్ సర్వీసులో ఫేజు, న్యూట్రల్ వైర్లు రెండూ కలిపి దవడలో పెడితే సున్నా రావాలి. 4 ఆంపియర్లు చూపిస్తే అంత కరెంటూ ఎర్త్ గుండానో మరో దారిలోనో తిరిగిపోతున్నట్టే: లీకేజీ కావచ్చు, న్యూట్రల్ తప్పించడం కావచ్చు. సున్నా వచ్చినా వదలొద్దు; స్తంభం దగ్గర ఫేజు కరెంటునీ మీటరు చూపే కరెంటునీ అదే నిమిషంలో పోల్చండి. ఉప్పుగాలికి తుప్పుపట్టిన జాయింట్లు ఇంత నష్టం చేయవు.