లాటిన్ పూజా, ఇంగ్లిష్ పూజా? కొత్తగా కథోలికులైన మీకు

పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు) రాత్రి జ్ఞానస్నానం తీసుకున్నానని, ఏడాది కూడా తిరగకముందే రెండు వర్గాల మధ్య నలిగిపోతున్నానని రాశారు. చేతిలో సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) తీసుకోవడం అపచారమని ఒక స్నేహితుడు అంటున్నాడు. లాటిన్ పూజకు, అంటే పాత పద్ధతిలో లాటిన్ భాషలో జరిగే బలిపూజకు, వెళ్లేవాళ్లు పోపుగారి మాట వినరని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైన పూజ అని మీ ప్రశ్న.

రెండూ సరైనవే. మీ టెన్షన్ తగ్గించడానికి అంటున్న మాట కాదిది. రెండింటిలోనూ అర్పించేది ఒకే బలి, అందుకునేది ఒకే క్రీస్తుని. కథోలిక రీతిలో జరిగే పూజ ఎక్కడ చూసినా, ఆదివారం గానీ శనివారం సాయంత్రం గానీ, ఆదివారపు బాధ్యత తీరినట్టేనని శ్రీసభ (కథోలిక సంఘం) చట్టమే చెబుతోంది.

గొడవంతా ఎక్కడ మొదలైందో కాస్త తెలిస్తే సగం భయం పోతుంది. ఆ పాత లాటిన్ పూజకు వాడే పూజాగ్రంథాన్ని 1570లో ఐదవ పయస్ పోపుగారు ప్రకటించారు. దాని చివరి ముద్రణ 1962 నాటిది. ఇప్పుడు చాలా పారిష్‌లలో (స్థానిక చర్చిల్లో) వాడే కొత్త పూజావిధానాన్ని రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ బిషప్పుల పెద్ద సమావేశం) తర్వాత, 1969లో ఆరవ పౌలు పోపుగారు ఆమోదించారు. అయితే ఆ మహాసభ 1963లో ఇచ్చిన పత్రం లాటిన్‌ను తీసేయమనలేదు. లాటిన్‌ను కాపాడుకోవాలనీ, ప్రజల భాషకు మరింత చోటివ్వవచ్చనీ, గ్రెగోరియన్ గానానికి (పూజలో పాడే ప్రాచీన లాటిన్ గానం) ముఖ్యస్థానం ఉండాలనీ చెప్పింది. అంటే కొత్త పూజను లాటిన్‌లో, ధూపంతో, నిశ్శబ్దంతో కూడా చేయవచ్చు. మీ పారిష్‌లో గిటార్ల మోత మీకు ఇబ్బందిగా ఉంటే అది ఆ పారిష్ అలవాటు. దానికి పూజాగ్రంథాన్ని తప్పుపట్టకండి. అదే ఊళ్లో ఇంకో గుడిలో అదే కొత్త పూజ ఎంతో భక్తిగా జరుగుతూ ఉండవచ్చు. ముందు అది వెతకండి.

పాత పూజకు మొదటిసారి వెళ్తే, పాడి చేసే పూజకే వెళ్లమని నా సలహా. పాటలేని పూజలో గురువు (ఫాదర్) చాలా ప్రార్థనలు లోగొంతుతో చెబుతారు, కొత్తవాళ్లకు ఎక్కడున్నామో తెలియదు. పుస్తకంలో పేజీ తప్పిపోయినా కంగారుపడకండి. సువిశేషం (సువార్త) చదివేటప్పుడు అందరూ లేస్తారు, అప్పాన్ని పైకెత్తినప్పుడు గంట మోగుతుంది. ఆ రెండూ పట్టుకుని, మిగతా సేపు ప్రార్థనలో ఉంటే చాలు. అక్కడ సత్ప్రసాదం మోకరించి, నాలుక మీదే తీసుకుంటారు. మీరు ‘ఆమెన్’ అనక్కర్లేదు, గురువు చెప్పే ప్రార్థనలోనే అది ఉంది. ఆడవాళ్లు ముసుగు వేసుకోవాలన్న నియమం 1983 నాటి శ్రీసభ చట్టంలో లేదు. వేసుకుంటే భక్తితో వేసుకోవచ్చు, వేసుకోనివాళ్లను వంకర చూపు చూడకూడదు.

ఇక చేతిలో తీసుకోవడం సంగతి. అమెరికాలో 1977 నుంచి అనుమతి ఉంది, కాబట్టి అది పాపం కాదు. నాలుక మీద తీసుకునే హక్కు కూడా మీకు ఎప్పుడూ ఉంది. ఇక్కడ నిలబడి, తల వంచి తీసుకోవడం మామూలు పద్ధతి. మోకరించారని ఎవరికీ నిరాకరించకూడదు. మీ మనసు ఎలా మొగ్గితే అలా తీసుకోండి. ఘోరపాపం ఉంటే ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకోవడం, ఒక గంట ముందు నుంచి ఉపవాసం ఉండటం అంతకంటే పెద్ద విషయాలు. చెయ్యా నాలుకా అని వాదించుకునేవాళ్లు వీటిని మరచిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. లాటిన్ పూజ అన్నంత మాత్రాన అది బిషప్పుగారి అనుమతితో జరుగుతున్నట్టు కాదు. 2007లో బెనెడిక్ట్ పోపుగారు పాత పూజకు విరివిగా తలుపులు తెరిచారు. 2021 జూలైలో ఫ్రాన్సిస్ పోపుగారు దాన్ని మళ్లీ కట్టుదిట్టం చేసి, అనుమతించే అధికారం బిషప్పులకు అప్పగించారు. అందుకే వెళ్లేముందు డయోసిస్ (బిషప్పుగారి పాలనా ప్రాంతం) వెబ్‌సైట్‌లో ఆ పూజ ఉందో లేదో చూడండి, లేదా ఆఫీసుకు ఫోన్ చేయండి. ఆ మార్పుల వల్ల కొన్నిచోట్ల ఏళ్లుగా జరిగిన పూజలు ఆగిపోయాయి. ఆ కుటుంబాల దుఃఖం నిజమైనదే, వాళ్లను అవిధేయులని తేలిగ్గా అనేయకండి. అలాగని కొత్త పూజ చెల్లదని ఎవరైనా మీతో అంటే, అక్కడ కూర్చుని వినకండి. మీకు జ్ఞానస్నానం ఇచ్చిన శ్రీసభ అలా బోధించదు.

ఈ మొదటి ఏడాది ఆదివారాలు జ్ఞానస్నానం పొందిన పారిష్‌లోనే గడపమంటాను. అక్కడ మీ పేరు తెలిసినవాళ్లున్నారు, మీ జ్ఞానతండ్రి ఉన్నారు, జబ్బు చేస్తే వచ్చి ప్రార్థించే గురువు ఉన్నారు. సొంతవాళ్లకు దూరంగా ఉన్నవాళ్లకు అది చాలా అవసరం. లాటిన్ పూజ మనసుకు హత్తుకుంటే అప్పుడప్పుడు వెళ్లండి, ఆ సంగతి మీ ఫాదర్‌గారికి దాచకుండా చెప్పండి. వీడియోల్లో అరుచుకునేవాళ్లను చూడటం మాత్రం కొన్నాళ్లు పూర్తిగా ఆపేసి, ఆ సమయంలో రేపటి సువిశేషం చదువుకోండి.