సందేహం: వెన్నెముక, వెన్నుపూస, వెన్నుపాము ఒకటేనా?

"ప్రమాదంలో వెన్నుపాము విరిగింది" అని ఒక వార్తలో చదివిన పాఠకుడొకరు, తమ ఊళ్ళో దానినే వెన్నుపూస అంటారనీ, బడి పుస్తకంలో వెన్నెముక అని ఉన్నదనీ, ఈ మూడింటికీ భేదమున్నదా అనీ అడిగారు.

ఉన్నది. మొత్తం వెన్నెముక, అందులో ఒక్కొక్క ఎముకా వెన్నుపూస. వెన్నుపాము ఎముకే కాదు. మెదడు నుండి పూసల నడిమి రంధ్రాల గుండా దిగి, పెద్దవారిలో నడుము పైభాగాన మొదటి రెండు పూసల దగ్గరే ముగిసే నాడీకాండం. మెత్తని కాండం నలుగుతుంది, తెగుతుంది, విరగదు. విలేకరులు ఈపాటి విచక్షణ చూపితే బాగుండును.

మనవారు వెన్నులో పూసలదండను చూస్తే, సంస్కృతంవారు వెదురును చూశారు. "పృష్ఠవంశాధరే త్రికమ్" అన్నాడు సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు. పృష్ఠం వీపు, వంశం వెదురు. కణుపు మీద కణుపుగా పెరిగే వెదురు పేరే, తరం వెంట తరంగా సాగే కులానికీ చెల్లింది. వీపు వెదురుకు మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 కణుపులు విడివిడిగా ఉంటాయి; వాటి కింద 5 కలిసిపోయి, అమరుడు వెన్ను అడుగున చూపిన త్రికమవుతాయి; చివరి నాలుగూ సాధారణంగా అతుక్కుని తోకఎముకగా మిగులుతాయి. వెరసి 33. ఆ అమరుడే "పృష్ఠాస్థ్ని తు కశేరుకా" అని వెన్నెముకకు చెప్పిన మాటను నేటి శాస్త్రపుస్తకాలు ఒక్క పూసకు పరిమితం చేశాయి. మొత్తం పేరు ముక్కకు రాగా, పల్లెల్లో ముక్క పేరు మొత్తానికి పాకింది.

అందుచేత "వెన్నుపూస నొప్పి" అనే పల్లెవాసిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, భాగం పేరుతో మొత్తాన్ని చెప్పే లక్షణార్థమని సరిపెట్టుకోవచ్చు. వైద్యవిషయాలు రాసేవారికి మాత్రం ఈ సడలింపు ఇవ్వలేను. "రైతు దేశానికి వెన్నెముక" అన్న వాడుక ఇంగ్లీషు నుండి దిగిందనే నా అనుమానం. వెన్నుదన్ను ఉండగా దాని అవసరమేమిటో తెలియదు, అయినా ఇప్పుడు దానిని వెళ్ళగొట్టడం కష్టమే.

జొన్నవెన్ను, వరివెన్ను అన్నచోట వెన్ను కంకి. వెన్నుడు విష్ణుశబ్దానికి తద్భవం. వీపుతో దానికి సంబంధం లేదు.