కోపం అనుకున్నదంతా కోపం కాదురా

ఒరేయ్ చిన్నా,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా. మీటింగులో పదిమంది ముందు మేనేజర్ "ఇది రెండోసారి" అన్నాడు, నువ్వు అరిచేసి కాల్ కట్ చేశావు, తర్వాత రెండు గంటలు చేతులు వణుకుతూనే ఉన్నాయి. "నాకు కోపం ఎక్కువ మామయ్యా, తాత పోలిక" అన్నావు. తాతని వదిలెయ్, పోయినాయన కదా అని అన్నీ ఆయన మీదకే నెట్టేస్తున్నాం.

28 ఏళ్లు కండక్టర్‌గా చేశాను. ఒక మే నెల మధ్యాహ్నం, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ముందు ట్రిప్పు లెక్క చూసుకుంటే 60 రూపాయలు తక్కువొచ్చింది. అప్పుడు ఒక ముసలాయన 7 రూపాయల టికెట్టుకి వంద నోటు ఇచ్చాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను గానీ బస్సంతా తిరిగి చూసింది. టికెట్ వెనక 93 అని రాసి చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయాను. ఆయన దిగాల్సిన ఊరికి రెండు స్టేజీల ముందే, ఎండలో, చిల్లర కూడా అడక్కుండా దిగిపోయాడు. ఆ సంగతి సాయంత్రం డిపోలో క్యాష్ కట్టేటప్పుడు 33 రూపాయలు ఎక్కువొస్తే గానీ నాకు తట్టలేదు.

ఆ పెద్దాయన మీద నాకేం కోపం చెప్పు? 60 రూపాయలు జేబులోంచి కట్టాలన్న దిగులు, దానికి తోడు ఆకలి. రెండూ కలిసి కోపంలా కనిపించాయి, ఎదురుగా ఎవడుంటే వాడి మీద కుమ్మరించాను.

కోపం శత్రువని చిన్నప్పుడు పద్యాలు బట్టీ పట్టాం గానీ, వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఏ మాస్టారూ చెప్పలేదు. నాకు ఆలస్యంగా తెలిసిందేంటంటే, ముందు దాని అసలు పేరు కనుక్కోవాలి. మనకి మాటలకేం కొదవా! చిరాకు వేరు, అక్కసు వేరు, అలక వేరు. ఎదుటివాణ్ణి ఏమీ అనలేక కళ్లలో నీళ్లతో పాటు తన్నుకొచ్చేది ఉక్రోషం. నలుగురిలో తల ఎత్తుకోలేకపోతే నామోషీ. చిరాకుకి చాలాసార్లు నాలుగు ముద్దల అన్నం, గంట నిద్ర చాలు, నామోషీకి అవి పనికిరావు. నీది నామోషీరా. ఆ పేరు అప్పుడే తట్టి ఉంటే, మీటింగయ్యాక మేనేజర్‌ని విడిగా కలిసి "అందరి ముందు అనేసరికి బాధేసింది సార్" అనేవాడివి.

ఇది నా చాదస్తం అనుకోకు. సైకాలజీ చదివిన మా అమ్మాయి చెప్పింది, 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ అనే సైకాలజిస్టూ, ఆయన బృందమూ కొంతమందికి కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫోటోలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమన్నారట. పేరు పెట్టినప్పుడు మెదడులో భయం లాంటివి పసిగట్టే అమిగ్డాలా అనే భాగం ఉలికిపాటు తగ్గిందట. నేను బస్సులో నేర్చుకున్నది వాళ్లు స్కానింగులో చూశారన్నమాట.

కాకపోతే పేరు వెతుక్కునే తీరిక దొరకాలిగా. నాకు మాట జారేముందు చెవులు వేడెక్కేవి. అది తెలిశాక, వెనక ఎవరో పిలిచినట్టు వెనక మెట్ల దాకా నడిచేవాణ్ణి. నీకు దవడ బిగుస్తుందో, గొంతు ఆరిపోతుందో చూసుకో. అక్కడ మైక్ మ్యూట్ చేసి, పీల్చినదానికంటే నెమ్మదిగా ఊపిరి వదులు. వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, మణికట్టు మీద వేలు పెట్టి చూసుకుంటే నీకే తెలుస్తుంది. పది లెక్కపెట్టడం మాత్రం నాకు అచ్చిరాలేదు, పది అయ్యేలోపు ఇంకా పదునైన తిట్టు దొరికేది. ఆ మనిషిని తలుచుకుంటూ దిండుని గుద్దడం కూడా వద్దు, కోపం చల్లారదు సరికదా ఇంకా రాజుకుంటుంది.

అన్నీ మింగేసి కూర్చోమనీ అనట్లేదు. మింగింది ఇంటికొచ్చి పెళ్లాం మీద బయటపడుతుంది, మీ అత్తయ్యని అడుగు.

సోమవారం మేనేజర్‌తో "నేను అరవడం తప్పు" అని చెప్పి ఆగిపో. వెనకాల "కానీ" తగిలించావో, మళ్లీ మొదటికొస్తుంది. నీ నామోషీ సంగతి ఓ వారం ఆగి చెప్పుకోవచ్చు. వెళ్లేముందు టిఫిన్ చెయ్యి, కాఫీతో సరిపెట్టకు.

అక్కకి ఇదేదీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు, ఊరికే టెన్షన్ పడుతుంది.

మీ మామయ్య